ల్వాలను ప్యాట్రన్లుగా పెట్టాను, ఎక్కడో తేడా కొడుతోంది. చూసి చెప్పండి

నల్లరేగడి
శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా డీ అండ్ డీకి, అంటే తలో క్యారెక్టర్ పట్టుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆటకి, సొంతంగా కల్పించిన ఒక హోమ్‌బ్రూ క్యాంపెయిన్ రాస్తున్నాను. చెరకు తోటల దీవి, తోటల్లో బానిసలు, కొండల్లోకి పారిపోయినవాళ్లు కట్టుకున్న ఊళ్లు, రేవులో యుద్ధనౌకలు. పోలిక దాచేదేం లేదు, ఇది 1791 బానిసల తిరుగుబాటుకి ముందటి ఫ్రెంచి వలస సాన్ దొమాంగ్, అంటే ఇవాళ్టి హైతీ. ప్లేయర్లు ఐదుగురు. అందరి క్యారెక్టర్లూ కొండమీది ఒకే ఊరివాళ్లు.

ఆ దీవివాళ్ల మతమైన వోడూ లేకుండా కథ నడవదు కాబట్టి ల్వాలను, అంటే అందులో కొలిచే ఆత్మదేవతలను తెచ్చాను. వార్‌లాక్ అంటే ఒక ప్యాట్రన్‌తో ఒప్పందం చేసుకుని శక్తులు పొందే క్యారెక్టర్, అది తీసుకున్నవాళ్లు ఒక ల్వాను ప్యాట్రన్‌గా ఎంచుకుంటారు. బావొన్ సామ్‌దీ అయితే శవాలను లేపే స్పెల్స్, ఓగూ అయితే నిప్పు కత్తి, దాంబాలా అయితే గాయాలు మాన్పడం, ఎజిలీ అయితే వశీకరణం. ల్వా మీదికి వస్తే తట్టుకోవడానికి డైస్ వేయాలి, విజ్‌డమ్ సేవింగ్ త్రో. ఫెయిలైతే ఆ క్యారెక్టర్ ఒక గంట పాటు ఆట నడిపే నా చేతిలో ఉంటుంది.

పోయిన ఆదివారం ట్రయల్ ఆడాం. ఓగూ వచ్చిన సీన్‌లో ఒకమ్మాయి డైస్ కింద పెట్టేసి, "నా మనిషిని నన్నడక్కుండా లాక్కున్నట్టుంది" అంది. ఇంకో అబ్బాయికేమో అది మామూలు మైండ్ కంట్రోల్ స్పెల్‌లాగే అనిపించిందట. రెండు మాటలూ అప్పటినుంచి నన్ను వదలడం లేదు. ఏం మార్చాలి?

తీగలాగు
శనివారం, రాత్రి 11:48

నీ జాబితాలో పాపా లెగ్బా ఏడి బ్రో? ముందు ఆయన గేటు తీయాలి, తర్వాతే ఎవరైనా వచ్చేది. ఏ పూజలోనైనా తొలి పాట ఆయనదే. చంకకర్ర పట్టుకుని కుంటుతూ వచ్చే ముసలాయన, నాలుగు దారుల కూడలి ఆయన చోటు. ఆయన్ను పిలవకుండా ఓగూ నేరుగా దిగిపోయాడంటే తలుపు తీయని ఇంట్లోకి చుట్టం వచ్చి కూర్చున్నట్టే.

మంచులోమామిడి
ఆదివారం, ఉదయం 6:05

మాంట్రియల్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ హైతీవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో నాతో నైట్ డ్యూటీ చేసే అక్క ఉత్తర హైతీ నుంచి వచ్చింది. బ్రేక్‌లో ఇద్దరం వెనక గుమ్మం దగ్గర నిలబడి కాఫీ తాగుతాం. తను తాగేముందు కప్పు కాస్త వంచి మూడు చుక్కలు కింద వేస్తుంది. జనవరిలో ఆ మంచు మీద మూడు గోధుమరంగు చిల్లులు పడతాయి. మొదట్లో ఒలికిందేమో అనుకునేదాన్ని. పోయినవాళ్లకు ముందు, తనకు తర్వాత అని ఒకరోజు తనే చెప్పింది.

"మీరు ల్వాలను నమ్ముతారా?" అని ఒకసారి అడిగాను. ఆ ప్రశ్నే తనకు వింతగా తోచింది. "నమ్మడమేంటి, మేం సేవ చేస్తాం" అంది. వాళ్ల భాష క్రియోల్‌లో వాళ్లు తమ గురించి చెప్పుకునే మాటే అది, ల్వాను సేవించేవాళ్లం అని. వోడూ అన్న పేరు వాళ్ల నోట తక్కువగా వింటాను.

నల్లరేగడి గారూ, మీ రూల్స్‌లో నాకు కనిపించిన తేడా ఇక్కడే ఉంది. మీ ప్యాట్రన్ శక్తి ఇస్తాడు, వార్‌లాక్ వాడుకుంటాడు. ల్వాలు అలా ఉండరు. సృష్టి చేసినవాడు బోండ్యే, ఆయన చాలా దూరం, రోజువారీ గొడవల్లోకి రాడు. ల్వాలు దగ్గరివాళ్లు. ఇంటి పెద్దల్లాంటివాళ్లు. చాలా ఇళ్లలో తాతల నాటి నుంచి వంశంతో పాటు వస్తారు. కొన్నిసార్లు మీరు ఎంచుకోరు, వాళ్లే మిమ్మల్ని ఎంచుకుంటారు. అన్నం పెట్టాలి, మాట ఇస్తే తీర్చాలి, చాలాకాలం పట్టించుకోకపోతే అలుగుతారు, జబ్బు చేయిస్తారు. పట్టించుకుంటే కాపాడతారు. అక్కడ స్పెల్ లిస్ట్ లేదు, బాకీల ఖాతా ఉంది.

ఇంకో మాట. సూదులు గుచ్చే బొమ్మ మీ ఆటలో ఎక్కడైనా ఉంటే తీసేయండి. అది హాలీవుడ్ అంటగట్టింది.

పాతఅట్టపెట్టె
ఆదివారం, ఉదయం 9:30

నేను కాలేజీ రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీ అండ్ డీ పుస్తకం ఒకటుంది, 1980లో వేసింది. ప్రపంచంలోని ఎందరో దేవుళ్లకు హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకుంటారో, కొట్టడం ఎంత కష్టమో ఆ లెక్కలు ఇచ్చారు అందులో. గ్రీకువాళ్లను చూసినప్పుడు సరదాగా అనిపించింది. పేజీలు తిప్పుతుంటే భారతదేశం అని ఒక అధ్యాయం వచ్చింది. ఇంద్రుడు, కాళి. కాళికి ఎన్ని హిట్ పాయింట్లో, ఎంత దెబ్బకు చస్తుందో అంకె వేసి ఉంది. మా ఇంట్లో దసరాకు అమ్మ దీపం పెట్టే పటం గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. కోపం రాలేదు. రాసినవాళ్లకు మా ఇంట్లో ఆవిడ ఎవరో తెలియదని మాత్రం అర్థమైంది.

అందుకని నా సలహా, అసలు పేర్లు వదిలేయండి. కొత్త దేవతలను కల్పించుకోండి. ఎవరి మనసూ నొచ్చుకోదు.

తీగలాగు
ఆదివారం, ఉదయం 9:52

పేర్లు మార్చినంత మాత్రాన ఏమొస్తుంది అన్నా? బావొన్ సామ్‌దీ టాప్ హ్యాటూ, పుర్రె ముఖమూ ఉంచేసి పేరు మాత్రం ఇంకోటి పెట్టిన ఆటలు ఎన్ని లేవు? చూడగానే ఎవరో తెలిసిపోతుంది, కానీ హైతీ అన్న మాట మాత్రం మాయం. నాకు అది ఇంకా పెద్ద దొంగతనంలా అనిపిస్తుంది.

గట్టుమీదికాకి
ఆదివారం, ఉదయం 11:15

నేను చరిత్ర చెప్పేవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1685 నాటి ఫ్రెంచి బానిస చట్టం ప్రకారం దీవికి తెచ్చిన ప్రతి బానిసకూ కేథలిక్ బాప్తిస్మం ఇవ్వాలి. వేరే ఏ పూజా బహిరంగంగా చేయకూడదు. ఆ ఓడల్లో వచ్చినవాళ్లు ఒక్క జాతి కాదు. ఇవాళ్టి బెనిన్‌లోని అల్లాడా ప్రాంతం వాళ్లు, యొరుబా వాళ్లు, కాంగో వాళ్లు, ఒకరి భాష ఒకరికి తెలియదు. ఒకే తోటలో, ఒకే కొరడా కింద, తలో దేశపు దేవతలనూ ఒకే పందిట్లో కూర్చోబెట్టారు. అందుకే ల్వాలకు నాన్‌షోన్లు, అంటే జాతులు ఉంటాయి. మొత్తం 21 అంటారు. వాటిలో ఒకటైన రాదా అన్న పేరు అల్లాడా నుంచే వచ్చింది. వేర్లు ఆఫ్రికావే అయినా చెట్టు మొలిచింది ఆ చెరకు తోటలోనే.

సెయింట్ల పటాలు అలా వచ్చినవే. పాములతో ఉన్న సెయింట్ పాట్రిక్ పటంలో దాంబాలాను చూశారు. గుర్రం మీద కత్తి పట్టిన సెయింట్ జేమ్స్‌లో ఓగూను చూశారు. ఎజిలీ అంటే ఒక్కరే కాదు, వాళ్లలో ఎజిలీ దాంతోర్ కథ ఇంకా విచిత్రం. ఆమె పటం పోలండ్‌లోని చెస్తహోవా నల్ల మేరీ, చెంప మీద రెండు గాట్లు ఉంటాయి. తిరుగుబాటు అణచడానికి 1802లో నెపోలియన్ పంపిన సైన్యంలో పోలండ్ సైనికులు ఉన్నారు, వాళ్లలో కొందరు అటునుంచి ఇటు వచ్చేశారు. ఆ పటం వాళ్ల వెంటే వచ్చిందని చెప్పుకుంటారు.

1791 ఆగస్టులో బ్వా కాయ్‌మాన్ అనే చోట రాత్రిపూట పూజ చేసి, నల్ల పందిని బలిచ్చి, ప్రమాణాలు చేసుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఉత్తరాన తోటలు తగలబడ్డాయి. 1804 జనవరి 1న స్వతంత్ర హైతీ. బానిసలు తిరగబడి గెలిచి, సొంత దేశం నిలబెట్టుకున్నది అక్కడే. నల్లరేగడీ, నీ క్యాంపెయిన్ దీనికి ముందటి సంవత్సరాల్లో నడుస్తుంటే నీ ప్లేయర్లు పూజకు కూర్చున్న ప్రతిసారీ ప్రాణాలకు తెగించి కూర్చున్నట్టే. డ్రమ్ము చప్పుడు తోట యజమానికి వినబడుతుంది. ఆ భయం సీన్‌లో ఉండాలి.

పేర్లు ఉంచాలా తీసేయాలా అంటే, ఈ చరిత్ర ఉంచేట్టయితే పేర్లు ఉంచు. చరిత్ర వద్దు, హంగు మాత్రం కావాలంటే రెండూ తీసేయి.

లష్కర్‌బిడ్డ
ఆదివారం, మధ్యాహ్నం 1:40

మీదికి వచ్చుడు గురించి నేను చెప్త.

మా పెద్దమ్మకు సిగం వచ్చేది. బోనాలప్పుడు తప్పకుండ వచ్చేది, ఒక్కోసారి ఊకెనే ఇంట్ల కూడ. ముందుగాల ఆవులింతలు మొదలయ్యేటివి, ఒకటెనుక ఒకటి. ఆవులింత సూడంగనే మా అమ్మ పరుగున వోయి పెద్దమ్మ చెవుల కమ్మలు తీసేది, తెగుతయని. జుట్టు ముడి దానంతట అదే ఊడిపొయ్యేది. మామూలుగ మా మామ ముంగట నోరు తెరవని మనిషి, అప్పుడు మామనే నిలబెట్టి అడిగేది, "నా గడప కడుగుత అన్నవ్, ఏమైంది రా?" అని. మామ చేతులు జోడించి నిలబడేది. అంత అయిపోయినంక చాప మీద పండుకోని నీళ్లడిగేది. మోకాలు సూసుకోని "ఇదెట్ల గీసుకపోయింది?" అనేది. ఆమెకు ఏం గుర్తుండది. ఏం చెప్పిందో మేమే చెప్పాలె.

ఇప్పుడు నీ రూల్ సూడు. మీదికొస్తె నిప్పు కత్తి వస్తది అన్నవ్. మా పెద్దమ్మకు ఏమొచ్చింది? మోకాలు గీసుకపోయింది, రెండు రోజులు ఒళ్లు నొప్పులు. లాభం ఎవరికి? అడిగినోళ్లకు. తప్పు ఒప్పుకున్న మామకు. పూనకం మీదికొచ్చినామె కోసం రాదన్నా, చుట్టు నిలబడ్డోళ్ల కోసం వస్తది.

మంచులోమామిడి
ఆదివారం, మధ్యాహ్నం 3:10

లష్కర్‌బిడ్డా, చివరి వాక్యం చదివి లేచి నిలబడ్డాను. హైతీలోనూ సరిగ్గా అంతే. మనిషిని గుర్రం అంటారు, ష్వాల్. ల్వా ఎక్కి స్వారీ చేస్తాడు. మనిషిలోని గ్వో బోనాంజ్ అనే పెద్ద ఆత్మ పక్కకు తప్పుకుంటే ఆ చోటులోకి ల్వా వస్తాడు. దిగిపోయాక గుర్రానికేమీ గుర్తుండదు. ఏం చెప్పాడన్నది ఊరివాళ్ల దగ్గర ఉంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. మనకు పూనకం తెలుసు కాబట్టి వాళ్లదీ తెలిసిపోయింది అనుకోవద్దు. అక్కడ వచ్చినవాళ్లకు బట్టలు, సామాను సిద్ధంగా ఉంచుతారు. ఎజిలీ ఫ్రేదా వస్తే ముందు సబ్బు, తువ్వాలు, సెంటు, గులాబీ రంగు గుడ్డలు. ముస్తాబై, అందరినీ పలకరించి, నవ్వి, చివరికి ప్రతిసారీ ఏడుస్తుంది. ఎంత ప్రేమ ఇచ్చినా ఆమెకు చాలదు. దాంబాలా వస్తే మాట్లాడడు, నేల మీద పాములా పాకుతాడు, బుస కొడతాడు. తెల్లటి పిండి కుప్ప మీద గుడ్డు పెట్టి ఇస్తారు. మీరు ఆయన్ను గాయాలు మాన్పే స్పెల్‌గా మార్చారు. నేనైతే ప్లేయర్లు ఆయన్ను ప్రశ్న అడిగి, మాటల్లేని జవాబును వాళ్లే చదువుకునేలా పెడతాను.

ముళ్ళకంప
ఆదివారం, సాయంత్రం 5:25

అందరూ బాగా రాస్తున్నారు, కానీ నిజంగా అడుగుతున్నాను. ఐదుగురు స్నేహితులు ఒక గదిలో కూర్చుని ఆడుకునే ఆట ఇది. హైతీ నుంచి ఎవరూ వచ్చి చూడరు. ఇంత బరువు ఎందుకు మోయాలి?

గట్టుమీదికాకి
ఆదివారం, సాయంత్రం 6:02

ఎందుకంటే వాళ్ల గురించి మనకు తెలిసిందంతా ఇలాంటి గదుల్లోంచే వచ్చింది. 1915 నుంచి 1934 దాకా హైతీని అమెరికా సైన్యం ఆక్రమించింది. జోంబీలు, నరబలుల కథలు అమెరికాకు చేరి పుస్తకాలూ సినిమాలూ అయింది ఆ కాలంలోనే. 1941, 42లో కేథలిక్ చర్చి, ప్రభుత్వం అండతో, వోడూ గుళ్లలోని డ్రమ్ములనూ పూజాసామగ్రినీ కుప్పలు పోసి కాల్చింది. 2003లో గానీ వోడూను ప్రభుత్వం మతంగా గుర్తించలేదు. 2010 భూకంపం తర్వాత ఆ దేశం సైతానుతో ఒప్పందం చేసుకున్నందుకే ఇదంతా అని ఒక అమెరికన్ బోధకుడు టీవీలో అన్నాడు. ఆ ఏడాది చివర కలరా వస్తే, వోడూవాళ్లే చల్లారని పదుల మంది పూజారులను కొట్టి చంపారు. కలరా వచ్చింది ఐక్యరాజ్యసమితి శాంతిదళం శిబిరం నుంచని తర్వాత తేలింది.

ఒక్క ఆటతో ఇదంతా జరుగుతుందని అనను. కానీ బావొన్ సామ్‌దీ అంటే శవాలను లేపే విలన్ అని మీ ఐదుగురి తలల్లో పడితే, అది ఆ కథలకు ఇంకో ఐదుగురిని చేర్చినట్టే.

ముళ్ళకంప
ఆదివారం, సాయంత్రం 6:20

ఇది నాకు తెలియదు. చెప్పినందుకు థాంక్స్.

తీగలాగు
ఆదివారం, రాత్రి 8:00

బావొన్ మాట వచ్చింది కాబట్టి, నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఆయనే. శ్మశానానికి యజమాని. ఆయనా, ఆయన వెంట ఉండే గెదెలూ చచ్చిపోయినవాళ్ల తరఫు. నవంబర్ 1, 2 తేదీల్లో హైతీ శ్మశానాల్లో జనం నల్ల, ఊదా రంగు బట్టల్లో వచ్చి ఆయన శిలువ దగ్గర కాఫీ, కొవ్వొత్తులు పెడతారు. గెదె వచ్చాడో లేదో పరీక్షించేది మిరపకాయలు నానబెట్టిన నాటు సారాతో. మామూలు మనిషి గుక్క మింగలేడు, గెదె అయితే ముఖానికి కూడా రాసుకుంటాడు. ముక్కుతో మాట్లాడతాడు, బూతులు మాట్లాడతాడు, ఎవరికీ భయపడడు, చచ్చినవాడికి ఇక భయమెందుకు! పసిపిల్లలకు ప్రాణం మీదికొస్తే ఆయన్నే వేడుకుంటారు.

వాళ్లు చెప్పే మాట ఒకటుంది. ఎంత జబ్బయినా, ఎంత చేతబడి అయినా, బావొన్ గొయ్యి తవ్వడానికి ఒప్పుకోకపోతే ఆ మనిషి చావడు. దీన్ని రూల్‌గా పెట్టు బ్రో. క్యారెక్టర్ సున్నా హిట్ పాయింట్లకు పడిపోతే చావు తప్పించుకోవడానికి డైస్ వేసే డెత్ సేవ్ వద్దు. మిగతావాళ్లు శ్మశానానికి వెళ్లి, ఈ మనిషి కోసం గొయ్యి ఎందుకు తవ్వకూడదో బావొన్‌కి చెప్పుకోవాలి. అబద్ధం చెప్తే ఆయనకు తెలిసిపోతుంది.

పాతఅట్టపెట్టె
ఆదివారం, రాత్రి 8:40

ఇది విన్నాక పేర్లు తీసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ రూల్ వేరే పేరుతో రాస్తే చప్పబడిపోతుంది.

ఇంకో చిన్న సంగతి, మంచివాడా చెడ్డవాడా అని రాసే అలైన్‌మెంట్ కాలమ్ కొట్టేయండి. రాదా ల్వాలు మంచి, పెత్వో ల్వాలు చెడు అని చాలాచోట్ల రాస్తారు, అది తప్పు. రాదావాళ్లు చల్లనివాళ్లు, నిదానం. పెత్వోవాళ్లు వేడి, త్వరగా పని చేస్తారు, త్వరగా బాకీ అడుగుతారు. డ్రమ్ములు కూడా వేరు, రాదాకు మూడు, పెత్వోకు రెండు. ఫ్రేదా రాదా, దాంతోర్ పెత్వో. బిడ్డ కోసం కత్తి పట్టే తల్లిని చెడ్డది అని ఏ గడిలో రాస్తాం?

లష్కర్‌బిడ్డ
ఆదివారం, రాత్రి 9:15

వాళ్లు నేల మీద మొక్కజొన్న పిండితోటి బొమ్మ గీస్తరట కద, వేవే అని. వీడియోల చూసిన, పిడికిట్లకెల్లి పిండి జారుడు అచ్చం మా ముగ్గులెక్కనే ఉంది. పూజ అయ్యేసరికి ఎగిరేటోళ్ల కాళ్ల కింద చెదిరిపోతది. కొమురెల్లిల మల్లన్న పట్నం గూడ గట్లనే, గంటలు గంటలు కూసోని రంగుల పిండితోటి వేస్తరు, ఆఖరుకు తొక్కుతరు. టేబుల్ మీద పళ్లెంల పిండి పోసి ప్లేయర్లతోటి గీయిస్తె మస్తుంటది.

మంచులోమామిడి
సోమవారం, ఉదయం 5:50

గీయించండి, కానీ అసలు వేవేలు వద్దు. ఒక్కో వేవే ఒక్కో ల్వాకు పెట్టిన పిలుపు. రాత్రి డ్యూటీలో మా అక్కను అడిగి చూశాను, స్నేహితులు ఆట కోసం గీస్తే తప్పా అని. కాసేపు ఆలోచించి, "పిలిచి, అన్నం పెట్టకుండా పంపించేస్తారా?" అంది. ఇంతకంటే ఏం చెప్పలేదు. మీ దీవికి మీ సొంత గీతలు కల్పించుకోండి. పాటలు కూడా అంతే, అసలువి పాడొద్దు.

నల్లరేగడి
శుక్రవారం, రాత్రి 10:30

ఐదు రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాను. వార్‌లాక్ తీసేశాను. పేర్లు ఉంచాను.

ఊరికంతటికీ ఒకే షీట్ ఉంటుంది, అందులో ల్వాల ఖాతా. పెట్టిన అన్నం, ఇచ్చిన మాట, తీర్చనిది అన్నీ అందరికీ కనబడేలా రాస్తాం. ఎవరిని పిలవాలన్నా ముందు లెగ్బా. ల్వా ఎవరి మీదికి రావాలో డైస్ చెప్పదు, ప్లేయర్ చేయి ఎత్తాలి. ఎత్తిన ప్లేయర్ గది బయటికి వెళ్తారు. పక్కన కూర్చున్నవాళ్లు ఆ ల్వాగా మాట్లాడతారు, మిగతావాళ్లు మూడు ప్రశ్నలు అడగొచ్చు. ల్వా తిరిగి ఒకటి అడుగుతాడు, అది ఖాతాలోకి ఎక్కుతుంది. గుర్రమైన క్యారెక్టర్‌కు మిగిలేది ఒక లెవల్ ఎగ్జాషన్, అంటే అలసట. లోపలికొచ్చాక ఏం జరిగిందో మిగతావాళ్లు చెప్పాలి. లష్కర్‌బిడ్డ వాళ్ల పెద్దమ్మ మోకాలు చదివాక ఈ రూల్ దానంతటదే వచ్చింది. బావొన్ గొయ్యి రూల్ తీగలాగు చెప్పినట్టే పెట్టాను.

ఆదివారం ఆడుతున్నాం.

నల్లరేగడి
సోమవారం, రాత్రి 12:15

ఆడాం. నిద్ర పట్టక రాస్తున్నాను.

ఊళ్లో తిండి అయిపోయింది. కూజెన్ జాకాను పిలిచారు. పొలం చేసుకునే ల్వా, నీలం బట్టలు, గడ్డి టోపీ, భుజాన సంచి. అందరూ ఆయన్ను కూజెన్ అనే పిలుస్తారు, దాయాది అన్నట్టు. చేయి ఎత్తింది ఎవరనుకున్నారు? మొన్న డైస్ కింద పెట్టేసిన అమ్మాయే. తనే లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

జాకాగా మాట్లాడింది పక్కనున్న అబ్బాయి. ఎప్పుడూ పెద్దగా నోరు తెరవడు. జొన్న రొట్టె ముక్క ఒకటి తీసుకుని, ఎవరూ చూడకుండా మూలకు తిరిగి తిన్నాడు. జాకాకు ఎవరైనా మోసం చేస్తారేమోనని అనుమానం కదా, ఆ సంగతి చదువుకుని వచ్చాడట. తర్వాత మా ఊరి గింజల లెక్క అడిగాడు. ఎనిమిది బస్తాలు అన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టి, "ఆరే ఉన్నాయి" అన్నాడు. మిగతా రెండు ఎటు పోయాయి అన్నది రెండో ప్రశ్న. "నా గుర్రం తమ్ముణ్ని అడగండి. తోట యజమానికి ఎవరు మోస్తున్నారో" అన్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఇది నేను రాసింది కాదు, వాడికి అప్పటికప్పుడు తట్టింది. మూడో ప్రశ్న అడగడం మర్చిపోయారు.

ఆ అమ్మాయి లోపలికొచ్చి కూర్చుని, "ఏమన్నాడు?" అంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకతను "వానలు పడతాయన్నాడు, రెండు బస్తాలు బాకీ అన్నాడు" అని చెప్పాడు. తమ్ముడి సంగతి ఎవరూ ఎత్తలేదు. తను ఎగ్జాషన్ గడిలో టిక్కు పెట్టుకుని, ఖాతాలో రెండు బస్తాలు తన చేత్తోనే రాసింది.

లష్కర్‌బిడ్డ
సోమవారం, ఉదయం 7:05

మా ఇంట్ల గూడ కొన్ని మాటలు పెద్దమ్మకు చెప్పేటోళ్లు కాదు. వచ్చే ఆదివారం ఆమెకు చెప్తరా?

నల్లరేగడి
సోమవారం, ఉదయం 8:20

తెలియదు. పొద్దున ఆ ముగ్గురూ వేరే గ్రూప్ పెట్టుకుని అదే మాట్లాడుకుంటున్నారు, నన్ను చేర్చుకోలేదు.